చివరి గదిలో మామ్మ

ఆ ఆసుపత్రి పాత వార్డులో చివరి గదికి మంచి పేరు లేదు. అక్కడ పోయినవాళ్లు ఓ పట్టాన గది వదిలి పోరనీ, పొద్దుపోయాక నవ్వులు వినిపిస్తాయనీ నర్సింగ్ పిల్లలు చెప్పుకునేవారట.

ఓ రాత్రి వాళ్లకి పాఠాలు చెప్పే ట్యూటరమ్మ ఆ గదిలోకే పంపింది... ఆ పిల్లల్లో ఒకతైన పిచ్చుకని. మనిషి అంతే ఉంటుంది, అందుకే ఆ పేరు.

"సూది ఎవరైనా పొడుస్తారు. పోయేవాళ్ల మనసుకి తోడుండటం నేర్చుకో. నీ దేవుణ్ణి వెంట తీసుకెళ్లకు, నీ నమ్మకాలు వాళ్లకి చెప్పకు. లోపలున్న ముసలావిడ చెప్పింది విను, చాలు" అంది.

లోపల మసక దీపం. మంచం మీద ముసలావిడ.

"నేను... ఎక్కడికి పోతానమ్మా?"

"తెలీదు మామ్మా. నేను మాత్రం ఇక్కడే ఉంటాను."

ముసలావిడ పిచ్చుక చెయ్యి పట్టుకుంది. "నీకెవరైనా పోయారా?"

పిచ్చుక ఎవరికీ చెప్పనిది చెప్పేసింది. "అమ్మ. చివర్లో పిలిచింది... భయమేసి గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు."

"మీ అమ్మ నిన్నేమీ అనుకోదులే" అని ముసలావిడ కళ్లు మూసింది. పట్టు జారింది.

పిచ్చుక ట్యూటరమ్మ కోసం వార్డంతా పరిగెత్తింది. ఎక్కడా లేదు. తిరిగొచ్చి చూస్తే — మంచం ఖాళీ.

ఇంతలో పక్క గదిలోంచి నవ్వు... అదే గొంతు. పిచ్చుకకి పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు తోసింది.

చనిపోయినావిడ కాఫీ తాగుతోంది.

"భయపడకు. మా మేనత్త, నాటకాల మనిషి" అంది ట్యూటరమ్మ. "పాఠం కోసం ఏటా ఇలాగే చేయిస్తాం. నీలా పక్కన ఎవరూ కూర్చోలేదు. దిండు కింద ఫోన్లో అంతా రికార్డయింది, రేపు క్లాసులో వినిపిస్తాను."

"మా అమ్మ సంగతి కూడానా మేడం?"

ట్యూటరమ్మ తలూపింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది పిచ్చుక పని. ఒళ్లంతా మండిపోయింది. ముసలావిడ వైపు తిరిగింది.

"మా అమ్మ ఏమీ అనుకోదన్నారు... అదీ నటనేనా?"

ఆవిడ కప్పు కింద పెట్టి తల దించుకుంది.

వారం తిరక్కుండా ఆ చివరి గదిలో ఓ పెద్దాయన్ని చేర్చారు. ఆ రాత్రి పిచ్చుకదే డ్యూటీ.

"భయంగా ఉంది తల్లీ..." అని చెయ్యి చాచాడు.

పిచ్చుక ముందు తెర వెనక చూసింది. మంచం కింద వంగి చూసింది. దిండు కింద తడిమింది... ఏమీ లేదు.

తలెత్తేసరికి చెయ్యి చాచినట్టే ఉంది. మనిషి పోయాడు.