జాకెట్టు ముక్కల గౌను

శనివారం ఉదయం. షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో వాకిళ్ళ ముందు మంచు కరుగుతోంది. వసుమతి కాఫీ తాగేసి బేస్‌మెంట్‌లో కుట్టుమిషన్ ముందు కూర్చుంది. సోమవారం షికాగోలో ఓ పెద్ద షాపు అద్దాల వెనక ఆమె గౌను నిలబడాలి, ఆమె పేరుతో.

ఆ గౌను పుట్టింది డెబ్భై ఎనిమిదిలో. పేరంటాల్లో బొట్టు పెట్టి ఇచ్చే జాకెట్టు ముక్కల్ని ఇక్కడ ఎవరూ కుట్టించుకోరు, ఇంకొకరికి పెట్టేస్తారు. స్నేహితురాలు జయంతికి తనిచ్చిన చిలకపచ్చ ముక్క ఊరంతా తిరిగి మళ్ళీ తన ఒళ్ళోకే వచ్చిపడితే వసుమతికి ఒళ్ళు మండింది. దాన్ని కత్తిరించి నల్లగౌను ఎద మీద కుట్టేసింది. ఎనభై ఒకటిలో ముక్కలు చేతులకు పాకాయి. భుజాలు ఎత్తుగా ఉండాలని అందరూ పట్టుబట్టిన రోజుల్లో లోపల చిన్న మెత్తలు చేరాయి. ఇప్పుడు, ఎనభై ఆరులో, గౌనంతా ముక్కలే. నలుపు నడుము దగ్గర పట్టీగా మిగిలింది.

పోయిన నెల తెనాలి నుంచి వచ్చిన అత్తగారు శేషమ్మ మెట్లు దిగి, గౌను చూసి ఆగిపోయింది.

"ముత్తైదువలకిచ్చే గుడ్డలు కదుటే ఇవి! కత్తిరించడానికి చేతులెలా వచ్చాయే నీకు?"

"పెట్టెల్లో చివికిపోతున్నాయి అత్తయ్యగారూ."

"మొగుడు పోయినవాళ్ళూ, వదిలేసినవాళ్ళూ కూడా కొని తొడుక్కుంటారు. అవి పసుపుకుంకాల గుడ్డలు!"

వెనకే వసుమతి భర్త రాజగోపాల్ దిగాడు. ఎవరి వైపూ లేనంటూనే తల్లి వైపు తేలే రకం. "ప్లెయిన్ క్లాత్‌తో కుట్టిచ్చెయ్ వసూ. అమ్మని ఎందుకు అప్‌సెట్ చెయ్యడం?"

"ముక్కలు తీసేస్తే అది నా గౌనే కాదండీ. తియ్యను." ఆమె అత్తగారి వైపు తిరిగింది. "అవును, అందరూ తొడుక్కుంటారు. మొగుడున్నాడా అని అడిగి అమ్మే షాపుకి నేను పంపను."

ఆ మాట నోరు దాటాక గుర్తొచ్చింది. మామగారు పోయి మూడేళ్ళయింది. మొన్న ఓ స్నేహితురాలి ఇంటి పేరంటంలో కుంకుమ భరిణె శేషమ్మను దాటుకుని తన దగ్గరికొచ్చింది. తనూ నోరెత్తకుండా బొట్టు పెట్టించుకుంది.

శేషమ్మ గౌను మీద చెయ్యి వేసింది. ఒక్కో ముక్కా తడిమింది.

"మీ మామగారు పోయాక నా చేతిలో ఎవరూ ముక్క పెట్టలేదే," అంది చివరికి. "ఎవర్ని అనను? మా చెల్లెలికి మొగుడు పోతే నేనూ పెట్టలేదు. గుమ్మంలో నిలబడి చూసింది పిచ్చిది."

వసుమతికి దుఃఖం ఆగలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"ఏడుపు తర్వాత. ముందు నాకో రవికె కుట్టు. ఆ ఎర్రముక్కతో."

"అమ్మా!" రాజగోపాల్ కంగారుపడ్డాడు. "రేపు గుడికి వెళ్తున్నాం. అందరూ చూస్తారు!"

"చూడాలనేరా," అంది శేషమ్మ, కొలత కోసం చెయ్యి చాపుతూ.