కుళాయి పక్కన ఈకల మొక్క

నాకు అన్నిటికన్నా భయం ఏమిటంటే, నేను చూడనప్పుడు నా కూతురు ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటుందని. దానికి రెండున్నరేళ్లు. అది పుట్టకముందే పోయిన వాళ్ల నాన్నని ఫొటోలోనే చూసింది. దాన్ని ఉడత అని పిలుస్తాం. దొరికిందల్లా మట్టిలో పాతిపెడుతుంది. పాతే ముందు ఓసారి కొరికి చూస్తుంది.

మా అత్తయ్యా, నేనూ, ఉడతా ఉండే ఇంటి వెనక చిన్న పెరడుంది. అక్కడ కుళాయి పక్కన ఓ మొక్క లేచింది. ఎవరమూ వేయలేదు. చూస్తూ ఉండగానే నా నడుము దాటి భుజం అందుకుంది. ఆకులు పక్షి ఈకల్లా సన్నగా, గాలి లేకపోయినా ఊగుతున్నాయి. పైన గొడుగు విప్పినట్టు తెల్లటి పూలు.

తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని, నాకేం తెలుస్తుంది? ఓ రెమ్మ కవర్లో వేసుకుని వీధి చివరి నర్సరీకి వెళ్లాను. అక్కడతను కుండీలకి మట్టి కలుపుతున్నాడు.

"ఇదేం మొక్కండీ?"

తిప్పి తిప్పి చూశాడు. నలిపి వాసన చూశాడు. "ఎక్కడో పీల్చిన వాసనే. కానీ తెలీదండీ."

"అన్ని మొక్కలూ దొరుకుతాయని బోర్డు పెట్టారుగా?"

"దొరుకుతాయన్నాను. అన్నీ తెలుసని ఎక్కడ రాశాను?"

నాకు ఒళ్లు మండింది. అతను మాత్రం నవ్వలేదు. "ఇలాంటి ఆకుతోనే ఓ విషపు మొక్క ఉందట. పాపని అటు పోనివ్వకండి" అన్నాడు.

తెలియనిదాన్ని తెలీదని చెప్పిన మగవాణ్ణి చూడటం నాకదే మొదలు.

మధ్యాహ్నానికి వెదురు బద్దలు తెచ్చి మొక్క చుట్టూ దడి కట్టేశాడు. తర్వాత రోజు విడిచి రోజు వచ్చేవాడు. చూపు సగం మొక్క మీద, సగం మా వంటింటి కిటికీ మీద.

"ఇన్ని చూపులు తగిలితే ఆ మొక్క ఎండిపోతుందే అమ్మాయ్" అనేది అత్తయ్య.

"ఊరుకోండి అత్తయ్యా, వింటాడు."

"వినాలనే అంటున్నా!"

ఓ పొద్దున నేను బట్టలు ఆరేస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి ఉడత దడి సందులో చెయ్యి పెట్టేసింది. నోటి నిండా పచ్చటి నురగ.

దాన్ని చంకనేసుకుని, చేతికందిన రెమ్మ విరుచుకుని, చెప్పుల్లేకుండా నర్సరీకి పరిగెత్తాను. అతను మారుమాట లేకుండా స్కూటర్ తీశాడు.

"ఏ మొక్కో తెలీకుండా నేనేం చెప్పనమ్మా? ఇక్కడే కూర్చోండి, చూద్దాం" అంది డాక్టరమ్మ ఉడత నోరు కడిగించి.

బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి పక్కకి చూస్తే అతని పళ్లు పచ్చగా ఉన్నాయి.

"అయ్యో, మీరెందుకు తిన్నారు?"

"పాపకి మాటలింకా సరిగ్గా రావు కదండీ. గొంతు మండుతోందో, కడుపు తిప్పుతోందో, నేనైతే చెప్పగలను."

"ఒక పేషెంటు చాలదా నాకు?" అని డాక్టరమ్మ కేకలేసింది.

అతను కళ్లు మూసుకుని ఇంకా నములుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు. "క్యారెట్!"

మేం ఇల్లు చేరేసరికి వాన మొదలైంది. ఆ వానలోనే మొక్కని తవ్వి తీశాడు. అడుగున మా వంటింట్లో కోసి పారేసిన క్యారెట్ తల, దాని మీద ఉడత పంటి గాటు.

"నాదీ!" అంది ఉడత, పోయిన సొత్తు దొరికినట్టు.

"పూసేదాకా క్యారెట్‌ని ఎవరుంచుతారండీ? నేనెప్పుడూ దీని పువ్వు చూడలేదు" అన్నాడు అతను సిగ్గుపడుతూ. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే నోరు జారాడు. "మొదటి రోజే పీకేయాల్సింది. పీకేస్తే మళ్లీ రావడానికి వంక ఉండదని..."

నా నవ్వు ఆగిపోయింది. "వంక కోసమా? అది విషమే అయ్యుంటే?"

చేతిలోని మొక్కని కింద పెట్టాడు. "తప్పు నాదే" అన్నాడు.

"ఇంక రాకండి."

గొడుగు కూడా అడక్కుండా వానలో వెళ్లిపోయాడు.

అత్తయ్య తలుపు దగ్గరే నిలబడింది. "తెలీదని ఒప్పుకున్నాడు, తప్పని ఒప్పుకున్నాడు. నా కొడుకు బంగారమే, కానీ ఈ రెండు మాటలూ వాడి నోట ఏనాడూ వినలేదు నేను. ఇంకెలాంటివాడు కావాలే నీకు?" కళ్లు తుడుచుకుంది. "నీకేం వయసైపోయిందనే? నాకు కోడలివి కాకముందు కూతురివి."

నర్సరీ గేటు మూడు రోజులుగా మూసే ఉంది. జ్వరమట. రెండుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. పొమ్మన్న నోటితో రమ్మనడానికి మొహం చెల్లడం లేదు.

మీరెప్పుడైనా ఆ వీధిలో వెళ్తే, నర్సరీ వెనక గదిలో ఉంటాడు, ఒకసారి తలుపు తట్టి చూడండి. జ్వరం తగ్గిందో లేదో, ఏమైనా తిన్నాడో లేదో అడగండి. మా కుళాయి పక్కన మళ్లీ ఏదో మొలిచిందని, అదేమిటో మాకు బొత్తిగా తెలియడం లేదని కూడా చెప్పండి.