అంచు మీద అంగుళం

నేనూ మా చెల్లీ పాత పింగాణీ బాగుచేస్తాం. పగుళ్ళు అతకడం నా వంతు, రంగులూ బంగారమూ దాని వంతు. దాని గీతకి వంక పెట్టినవాళ్ళు లేరు.

ఒక ముసురు మధ్యాహ్నం ముసలాయన ఒకాయన గుడ్డలో చుట్టి గిన్నె తెచ్చాడు. గుడ్డుపెంకంత పల్చన. అంచు చుట్టూ బంగారు గీత. ఒక్కచోట మాత్రం అంగుళం మేర ఖాళీ.

"అడుగున పగులు అతికితే చాలు బాబూ. ఆ ఖాళీ ముట్టుకోకండి."

"ఏం తాతా?" అంది చెల్లి.

"చేసింది మా ముత్తాత. బంగారం పాదరసంలో కలిపి, పూసి కాల్చేవాడు. ఆ పొగకి చేతులు వణికిపోయి, గీత పని కూతురికి అప్పగించాడు. దానికీ పొగ పట్టింది. పళ్ళు రాలాయి, మాట పడిపోయింది. అయినా లేవనివ్వలేదు. ఈ అంచు గీస్తూనే ఒరిగిపోయింది."

ఆయన వెళ్ళాక చెల్లి గిన్నెని వెలుతురుకి తిప్పింది. "అంగుళమే అన్నయ్యా. పూర్తిచేస్తే ఆ పిల్ల మనసు కుదుటపడదూ?"

"వద్దన్నాడుగా," అంటూ జిగురు కలపడానికి వెనకగదిలోకి వెళ్ళాను.

వాన పెరిగింది. కరెంటు పోయింది. మసక చీకట్లో కాలిన లోహం వాసన... చిన్న చప్పుడు. ఎవరో పెదాలతో ఏదో చప్పరిస్తున్నట్టు... ఆగి... మళ్ళీ.

వచ్చి చూస్తే చెల్లి గీస్తోంది. కుంచె మొన నోట్లో తడుపుతోంది. ఎన్నడూ లేని అలవాటు. గీత ముందుకు సాగుతోంది. ఖాళీ కూడా అంతే ముందుకు జరుగుతోంది.

"ఆపవే."

"లేవనివ్వడు," అంది గుసగుసగా.

"ఎవరు?"

తల తిప్పలేదు. "మెల్లగా... వెనకే ఉన్నాడు."

దాని వెనక గోడ తప్ప ఏమీ లేదు. చెయ్యి పట్టి లాగాను. రాలేదు. మణికట్టు మీద అప్పటికే ఇంకో పట్టు ఉంది. చల్లగా... వణుకుతూ...

కరెంటు వచ్చేసరికి చెల్లి బల్ల మీద ఒరిగి ఉంది.

బతికింది. బతికిందనే అనుకోవాలి. మాట లేదు. డాక్టర్లకి అంతుపట్టలేదు. అప్పుడప్పుడూ పొద్దున పక్క దులిపితే ఒక్కో పన్ను రాలుతోంది. అమ్మ వాటిని ఏరి పిడికిట్లో దాచుకుంటుంది.

గిన్నె తిరిగిచ్చేద్దామని వెళితే ముసలాయన తలుపు తీయలేదు. "ఇక అది మీదే," అన్నాడు లోపల్నించి.

నిన్న సామాన్లు సర్దుతుంటే చెల్లి గీతలకి వాడే బంగారం సీసా కనిపించింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. మూత మీది సీలు చెక్కుచెదరలేదు.

అంచు మీద గీత మాత్రం... మూడు నెలలైనా తడి ఆరలేదు.