వారానికో పద్యం

బుడమేరు వరద నీళ్ళు తీసి, కరెంటు వచ్చిన రోజున విజయవాడ సింగ్‌నగర్‌లో పాత కాగితాల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ ఒక డాబా ఎక్కాను. అక్కడ ఒకమ్మాయి తడిసిన నోటుపుస్తకాన్ని ఇస్త్రీ చేస్తోంది. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను.

“ఆపండి. ఉన్న కాస్త రాతా పోతుంది.”

“మీరెవరండీ?” ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకునే అడిగింది.

పేరు హర్షవర్ధన్ అనీ, తడిసిన పాత రాతల్ని బాగుచేయడమే నా ఉద్యోగమనీ చెప్పాను. ఆ అమ్మాయి పద్మశ్రీ. పుస్తకాలు వాళ్ళ తాతయ్య కాశీరావుగారివి. చేపల వ్యాపారం చేస్తూనే యాభై ఏళ్ళు పద్యనాటకాలాడిన మనిషి. ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ రాసుకున్నారు. అలాంటి పుస్తకాలు నలభై. మూడు రోజులు నీళ్ళలో నానాయి. ఆయన మూలన కూర్చుని ఎవరితోనూ మాట్లాడటం లేదు.

“బూజు పట్టకముందే గడ్డకట్టించాలండీ. తర్వాత ఒక్కో పేజీ నెమ్మదిగా ఆరబెట్టొచ్చు. పెద్ద ఫ్రీజర్ కావాలి.”

“గన్నవరం రోడ్డులో మా నాన్నది రొయ్యల కోల్డ్ స్టోరేజీ ఉందిగా.”

“రొయ్యలా?” నోరు జారాను. “వాసన...”

“ఆ వాసనే నన్ను ఎంబీఏ చదివించిందండీ. కాగితాలకి పడదా?”

పుస్తకాలు మోసుకుని వాళ్ళ వ్యాన్ ఎక్కాను. పుస్తకాలు అతుక్కోకుండా విడివిడిగా చుట్టాలని చెప్పబోయేసరికి, పద్మశ్రీ అప్పటికే ఒక్కోదాన్నీ కవర్లో చుట్టి, వరసల మధ్య షీటు పరుస్తోంది.

“రొయ్యలైనా అంతేనండీ. అతుక్కుంటే పనికిరావు” అంది, నావైపు చూడకుండానే. చూడకపోయినా నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. ఆ నవ్వుకి అక్కడే పడిపోయాను.

మూడు నెలల్లో ముప్పైతొమ్మిది పుస్తకాలు బతికాయి. ఒక నాటకం మొత్తం సిరాతో రాసుకున్న ఒక్కదాంట్లో మాత్రం అక్షరం మిగల్లేదు. ఆ సంగతి చెప్పడానికి భయపడుతూ వెళ్ళాను. కాశీరావుగారు ఆ కాగితాలు కాసేపు తడిమి చూసుకున్నారు.

“గుర్తున్నకాడికి చెబుతాను. రాస్తావా బాబూ?”

ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. ఎంత ఆలోచించినా వారానికి ఒక్క పద్యమే గుర్తొచ్చేది ఆయనకి. పద్మశ్రీ టీ ఇచ్చి, నా చేతిరాత కోడి గెలికినట్టుందని వెక్కిరించేది. నాకు ఆ వారమంతా బాగుండేది.

ఒక ఆదివారం గంట ముందే వెళ్ళాను. బాత్‌రూమ్‌లోంచి కాశీరావుగారి గొంతు వినిపిస్తోంది. ఆ నాటకమే. నేను రాసుకున్న పద్యాలు దాటి, ఎన్నడూ విననివి కూడా వరసగా, ఎక్కడా తడబడకుండా వచ్చేస్తున్నాయి.

తల తుడుచుకుంటూ బయటికొచ్చి, నన్ను చూసి ఆగిపోయారు.

“అన్నీ కంఠతా వచ్చుగా తాతగారూ?”

“నా తప్పేం లేదయ్యా. మొత్తం చెప్పేస్తే నువ్వు రావడం మానేస్తావని, వారానికొకటే చెప్పమంది మా పద్మ.”

గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ పద్మశ్రీ మొహం ఎర్రబడింది.

“ఇంకా ఎన్ని ఉన్నాయండీ?” పద్మశ్రీని అడిగాను.

“ముప్పై రెండు” అంది, నేల చూపులు చూస్తూ.

“అన్నీ ఇవాళే చెప్పించేసినా వచ్చే ఆదివారం వస్తానండీ. నేను వస్తున్నది మీకోసమే.”

పద్మశ్రీ తలెత్తింది. టీ చల్లారిపోయేదాకా గ్లాసు నాకివ్వడం మర్చిపోయింది.

కాశీరావుగారు కుర్చీ లాక్కుని గొంతు సవరించుకున్నారు.

“వచ్చే వారం మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా బాబూ. ఇప్పుడు పెన్ను తియ్యి. పిల్ల బెంగ తీరిందిగా, ముప్పై రెండూ చెప్పేస్తాను.”