గవరయ్య సముద్రం

డెలానీపూర్‌లోని డిటెక్టివ్ కామమ్మ ఆఫీసుకి గవరయ్య తడిసిన గొడుగుతో వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ముప్పై ఏళ్ళు ఓడలకు రంగులు వేసిన మనిషి. రిటైరయ్యాక డోంగీ అనే చిన్న పడవలో తిరుగుతూ సముద్రాన్నీ తీరాన్నీ బొమ్మలు వేస్తున్నాడు.

"ఎల్లుండే ఎగ్జిబిషనమ్మా. ఫ్రేములు కట్టమని నా పన్నెండు బొమ్మలూ ధనరాజుకిచ్చాను. ఇప్పుడవి తనే వేశానంటన్నాడు. నేనా, సంతకం పెట్టను. ఓడకి రంగేసి ఎవడైనా పేరు రాసుకుంటాడా? వాటి కింద వాడి పేరుంటే నేను బతికీ లేనట్టేనమ్మా."

అసిస్టెంటు ఉమేష్‌కి ఒళ్ళు మండిపోయింది. కామమ్మ మాత్రం తాపీగా, "డోంగీలో ఏమేం పట్టుకెళ్తావు బాబాయ్?" అంది.

"రంగులు, కాగితాలు, తాగడానికో సీసా నీళ్ళు. మా డిగ్నాబాద్‌లో నల్ తిప్పితే నీళ్ళు మూడ్రోజులకోసారి కదా, ఆ ఒక్కటే."

కామమ్మ, ఉమేష్ వెళ్ళేసరికి ధనరాజు దుకాణంలో ఒక ఫ్రేము విప్పి అద్దం తుడుస్తున్నాడు.

"లోపల చెమ్మ పట్టిందా?" అడిగింది కామమ్మ.

"ఏం చెయ్యను దీదీ! బారిష్ మొదలై వాన పట్టుకుంటే ఈ పన్నెండింటికీ ఇదే గోల."

గోడ మీది మిగతా బొమ్మలు పొడిగానే ఉండటం ఉమేష్ చూశాడు గానీ, ఎందుకో అతని బుర్రకి తట్టలేదు.

"ఎక్కడ కూర్చుని వేశావు?"

"ఇక్కడే, ఫోన్లో ఫోటో చూసి. రంగులో కలిపే నీళ్ళు కూడా ఫిల్టర్‌వే దీదీ. చవగ్గా కానిచ్చే సస్తా పని నాకు గిట్టదు."

"మంచి అలవాటు," అని కామమ్మ ఆ మాటలన్నీ ఉమేష్ చేత రాయించింది. ధనరాజు దర్జాగా కింద సంతకం గీకాడు.

ఎగ్జిబిషన్ రోజు ఉదయం వాన కుండపోతగా కురుస్తోంది. నిర్వాహకురాలు సుష్మ, గవరయ్య, ధనరాజు హాల్లో ఉన్నారు. కామమ్మ ఒక బొమ్మను ఫ్రేములోంచి తీసింది.

"ముట్టుకో సుష్మా."

"రంగున్నచోట తడిగా ఉంది మేడమ్. తెల్ల అంచు పొడిగా ఉంది."

"సముద్రపు గాలి దీదీ!" అన్నాడు ధనరాజు.

"గాలి అంచుని వదిలేసి రంగునే తడుపుతుందా? నీ దుకాణంలో మిగతా బొమ్మలు తడవలేదేం? ఉప్పు రంగులోనే ఉంది ధనరాజూ. ఉప్పు చెమ్మ పీలుస్తుంది. మూడ్రోజులకోసారి నీళ్ళొచ్చే ఇంటి మనిషి తాగే నీళ్ళలో కుంచె ముంచుతాడా? బాబాయ్, నువ్వు ఎక్కడ ముంచేవాడివి?"

"డోంగీ పక్కనే, సముద్రంలో," అన్నాడు గవరయ్య, అదో వింతా అన్నట్టు.

"ధనరాజూ, నువ్వేమో ఫిల్టర్ నీళ్ళని సంతకం పెట్టావు," అంటూ కామమ్మ కాగితం చూపించింది.

ధనరాజు ముఖం మాడిపోయింది. "గల్తీ అయిపోయింది దీదీ. పేరొస్తుందని ఆశపడ్డాను," అని గొణిగాడు. ఇంత కళ్ళెదుట ఉన్నది తనకెందుకు కనిపించలేదా అని ఉమేష్ తల గోక్కున్నాడు. మేడమ్‌ని చూస్తే మాత్రం గర్వంతో ఛాతీ ఉప్పొంగింది.

సుష్మ ధనరాజు పేరున్న చీటీలన్నీ పీకేసి గవరయ్య పేరుతో కొత్తవి అతికించి తలుపులు తెరిచింది. ముందుగా లోపలికొచ్చింది ఓడలకు రంగులు వేసే పాత జట్టు, వానలో తడుస్తూనే. వాళ్ళలో అప్పలకొండ ఒక బొమ్మ ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"అరె భయ్యా, ఇదెవడేశాడ్రా?"

హాలంతా వినబడేలా గవరయ్య అరిచాడు: "నేనేరా! పన్నెండూ నేనే!"