పదకొండు గంటల ఫొటో

చచ్చినవాళ్లను ఫొటోల్లోంచి తీసేయడం పెద్ద పనేం కాదు. సన్న కుంచె, బూడిదరంగు సిరా, కాస్త ఓపిక ఉంటే చాలు. సమాచార శాఖ రెండో అంతస్తులో మూడు నెలలుగా ఆ పనే చేస్తున్నాడు ఏజెంట్ కుంచె. పైకి రీటచింగ్ ఆర్టిస్టు. అసలు పని, శాఖలోకి చాపకింద నీరులా చేరిన విదేశీ ముఠా మీద నిఘా. సలహాదారులమని చెప్పుకుని వచ్చిన ఆ ముఠాకి ఇప్పుడు సొంత సెక్షన్, సొంత తాళాలు, సొంత రబ్బరు స్టాంపులు.

ఈ నిఘా పని అప్పగించిన రోజు గూఢచారి విభాగం చీఫ్ ఒక నవల తీసి బల్లమీద పడేశాడు.

"చదివావా?"

"నవలలు చదివే తీరిక నాకెక్కడిది సర్?"

"చదువు. వాళ్లు చదివారు. ఒక్కో అధ్యాయం అమలు చేసుకుంటూ వస్తున్నారు."

రాసింది రిటైరైన చరిత్ర టీచరమ్మ, జనానికి ఆవిడంటే ప్రాణం. ఊహాదేశం కథ. అక్కడ పిల్లలు కన్నవాళ్ల మీద రిపోర్టులు రాస్తారు. పొరుగువాడి గోడకి చెవి ఆనించడం ఉద్యోగం. ఏడో అధ్యాయంలో జనం ప్రాణంగా చూసుకునే మనిషిని ప్రభుత్వమే చంపించి, నెపం శత్రువుల మీదికి నెట్టి, కర్ఫ్యూ పెట్టేస్తుంది. ఆ హత్య చేసిన మనిషి ముందు ఫొటోల్లోంచి మాయమవుతాడు, తర్వాత భూమ్మీద నుంచి.

ఆ ఉదయం పదింపావుకి గుమస్తా ఒక ఫారం తెచ్చి ముందు పెట్టాడు. 'టౌన్‌హాలు సభ, ఉదయం 11 గంటలు, వేదిక ఫొటో. టీచరమ్మకు ఎడమపక్క వ్యక్తిని తొలగించాలి.' కింద స్టాంపు, సంతకం, రేపటి తేదీ.

కుంచె గోడగడియారం వంక చూశాడు. "ఏమండీ, ఈ సభ ఇవాళే కదా, ఇంకా జరగనే లేదు?"

"తెలుసండీ. సలహాదారుల సెక్షన్ వాళ్లు రేపు ఇమ్మన్నారు. రేపు నాకు సెలవు. పెండింగ్ పెడితే మా సూపరింటెండెంటు నన్ను పీక్కుతింటాడు. అందుకని ఒకరోజు ముందే తెచ్చేశా."

పాతికేళ్ల సర్వీసులో ఒక్క కాగితం ఆగనివ్వని మనిషి. ముఖం వెలిగిపోతోంది. కుంచెకి మాత్రం ఏడో అధ్యాయం గుర్తొచ్చింది. ఫారం మడిచి జేబులో దోపుకున్నాడు.

స్టోర్‌రూమ్‌లోకి దూరి సిగరెట్ పెట్టె తెరిచాడు. అందులో ట్రాన్స్‌మిటర్.

"అమ్మకి జ్వరం."

"డాక్టరు బయల్దేరాడు. చెప్పు."

"ఇవాళే సర్. పదకొండుకి. టీచరమ్మని లేపేస్తారు. ఆవిడకి ఎడమపక్క ఎవరుంటారు?"

గరగరల మధ్య చీఫ్ గొంతు వచ్చింది. "మన మనిషే. దొరసాని. కాపలాకి నేనే వేశాను."

దొరసాని ముఠాకి దుబాసి. ఏడాదిగా వాళ్ల రహస్యాలు చీఫ్‌కి మోస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే రాయబారులు టై సర్దుకునేవారు. అబద్ధమెందుకు, కుంచె కూడా రెండుసార్లు సర్దుకున్నాడు.

మెట్లు రెండేసి దిగాడు. ప్రెస్ ఫొటోగ్రాఫర్ కోటు, అతికించిన మీసం, మెడలో కెమెరా. ఆ కెమెరాతో ఫొటోలు రావు. దాని ఫ్లాష్ ఎదుటిమనిషికి అరనిమిషం కళ్లు కనిపించకుండా చేస్తుంది.

టౌన్‌హాలు మలుపులో సైనిక లారీలు ఆగి ఉన్నాయి. వాటిలో అచ్చైన కర్ఫ్యూ నోటీసులు కట్టలు కట్టలుగా, జిగురు డబ్బాలతో సహా సిద్ధంగా ఉన్నాయి.

అతను లోపలికి దూసుకెళ్లేసరికి టీచరమ్మ పుస్తకం మీద సంతకం చేయడానికి చెయ్యి చాపింది. ఎడమపక్క నుంచి దొరసాని నవ్వుతూ పెన్ను మూత తీసింది. పాళీ ఉండాల్సిన చోట సన్నటి సూది.

"మేడమ్, ఇటు!"

ఫ్లాష్. ముసలావిడ మణికట్టుకి బొటనవేలంత దూరంలో పెన్ను జారిపడింది. కుంచె ఒక్క గెంతులో వేదికెక్కి దొరసాని చెయ్యి పట్టుకున్నాడు. హాల్లో మూడువందల మంది. ఒక్కడూ కదల్లేదు. అందరూ తలలు వంచుకుని తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు. అదీ నవల్లో ఉంది. కుంచెకి సూది కన్నా ఆ వంచిన తలలే ఎక్కువ భయం పుట్టించాయి.

"నువ్వు ఎవరి పక్షం?" అన్నాడు గొంతు తగ్గించి.

"గెలిచేవాళ్ల పక్షం."

"అయితే ఇది చదువు."

ఆమె కళ్లు నులుముకుని ఫారం చదివింది. మళ్లీ చదివింది.

"ఎడమపక్క... అంటే నేనే కదా?"

"ముందు ఫొటోలోంచి. ఆ తర్వాత సంగతి నీకే తెలుసు."

"మీ శాఖలోనే, మూడో అంతస్తు, పన్నెండో గది," అంది. "లారీలకి పదకొండున్నరకి ఆర్డరు అక్కణ్ణించే వెళ్తుంది."

కుంచె సిగరెట్ పెట్టె తెరిచి ఆ మాట చీఫ్‌కి చేరవేశాడు. పదకొండూ ఇరవై తొమ్మిదికి చీఫ్ మనుషులు ఆ గది తలుపు పగలగొట్టారు. ప్రధాన సలహాదారు చేతిలోంచి టెలిఫోన్ లాక్కున్నారు. లారీలు వచ్చిన దారినే పోయాయి.

వేదిక వెనక గదిలో టీచరమ్మ మంచినీళ్లు తాగుతోంది.

"మీ పుస్తకమే వాళ్లకి దారి చూపించిందమ్మా," అన్నాడు కుంచె. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"నేను చూపించింది ఏముంది బాబూ? పిల్లల రిపోర్టులు, మాయమైన ముఖాలు, ముందే అచ్చైన నోటీసులు, అన్నీ గత శతాబ్దంలో ఎక్కడో ఒక దేశంలో జరిగినవే. ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పాను, ఆవలించారు. కథలా రాస్తే వింటారనుకున్నా. వినకూడనివాళ్లు విన్నారు." ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"మరి మీరు కల్పించి రాసింది ఏమీ లేదా?"

"ఒక్కటుంది. చివర్లో ఎవడో ఒకడు సమయానికి వచ్చి కాపాడతాడు." ఆవిడ అతని వేలాడుతున్న మీసం వంక చూసింది. "ఆ ఒక్కటే నమ్మేలా లేదని విమర్శకులంతా నన్ను ఉతికి ఆరేశారు."