మూడో పాట కుంగిన చోట

ఆ సోమవారం పొద్దున శ్రీపాల్ చేతిలో ఉన్న ఆస్తి ఇంత: ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట మేడ మీద ఒక అద్దె గది, మూసేసిన తన క్యాసెట్ల షాపు నుంచి మిగిలిన పాత డెక్కు, యమున అనే చురుకైన సహాయకురాలు, పెండ్లి సంబంధాల ఎంక్వయిరీలు రెండు. వీటన్నిటికంటే బరువైనది రామచంద్రయ్య నమ్మకం. రెండువేల ఏడు నాటి మాట. భూమి ధర వారానికోసారి మారుతున్న రోజులు. రావిర్యాల వైపు లేఅవుట్లు వేసే రామచంద్రయ్య, శ్రీపాల్ విచారించి సరే అంటే తప్ప గుంట భూమి కూడా కొనేవాడు కాదు. తలుపు మీద డిటెక్టివ్ అని బోర్డున్నా గది గడిచేది ఆయన పనులతోనే.

మెట్లెక్కి వచ్చిన మహేశ్వర్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. యాచారం దగ్గరి పల్లెటూరి రైతుబిడ్డ. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. శనివారం సాయంత్రాలు కాలేజీ రేడియోలో రాక్ సంగీతం వినిపిస్తాడు. అంగట్లో దొరికే పాటలు కావవి. జనం ముందు వాయిస్తుండగా పట్టుకున్న అరుదైన రికార్డింగులు, దగ్గులు, ఈలలు, తెగిన తీగలతో సహా.

"కూసో మహేశ్వర్."

"కాళ్లు ఆగుతలేవన్నా. నన్ను నమ్మి ఇచ్చిన వస్తువు పోయింది. గీ ముచ్చట బయటపడితే రేపు నా చేతికి క్యాసెట్ ఇచ్చేటోడు ఉండడు. నా ప్రోగ్రాం ఆన్నే ఖతం."

అతని వెనకాల ఒక పెద్దావిడ నెమ్మదిగా లోపలికి వచ్చింది. పేరు లీదియా, ఉండేది సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో. సంచిలోంచి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నాది కాదు బాబూ."

ఆమె భర్త మత్తయి రైల్వేలో ఫిట్టరు. డెబ్బైల్లో స్నేహితులతో కలిసి గిటారు వాయించేవాడు. ఒక క్రిస్మస్‌కు రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్టేజి మీద వాళ్లు వాయించింది ఎవరో రికార్డు చేశారు. ఆ తర్వాత బ్యాండు చెదిరిపోయింది. మత్తయి కూడా కాలం చేశాడు.

"ఆయన గొంతు నా దగ్గర లేదు. చేతులు మాత్రం ఆ క్యాసెట్‌లో ఉన్నయి," అంది లీదియా. "శనివారం రేడియోలో విన్న. మూడో పాటలో గిటారు కుంగింది. ఇన్నేండ్లల్ల నా క్యాసెట్ ఎన్నడూ కుంగలే. నిన్న వచ్చి చూస్తే పైనున్న చీటీ నా చేతిరాతదే. కానీ గమ్‌తో అంటించి ఉంది. నేను అన్నం మెతుకులతో అంటించిన."

శ్రీపాల్ దాన్ని డెక్కులో పెట్టాడు. మూడో పాటలో గిటారు పైకి పోతూ పోతూ ఉన్నట్టుండి బరువెక్కింది, బురదలో దిగిన బండిలా ఈడ్చింది. మళ్లీ మెల్లగా తేరుకుంది. అతను వెనక్కి తిప్పి అదే ముక్క మళ్లీ మళ్లీ విన్నాడు.

"ఎవరెవరి చేతులు మారింది?"

"మొదలు నేను ఇంటికాడ విన్న. బ్యాటరీల టూ-ఇన్-వన్ మీద. మా ఊరి కరెంటుకు పెడితే మిషన్ బతకదు," అన్నాడు మహేశ్వర్. "తెల్లారి స్టూడియోల దేవేందర్ చూసిండు. తర్వాత మహిధర్ ఒక రోజు వింటనని తీస్కపోయి తెచ్చిచ్చిండు. అప్పటికెంచి బీరువల్నే ఉంది, తాళం నా కాడ."

"మహిధర్ అంటే?"

"మా ప్రోగ్రాంకు ప్రకటనలు ఇచ్చేటాయన. రామచంద్రయ్య కొడుకు."

యమున తలెత్తి శ్రీపాల్ వంక చూసింది. అతను చూపు కలపలేదు.

"అమ్ముతవా అని నిన్నెవరన్న అడిగిండ్రా అమ్మా?"

"ఎవరో అబ్బాయి ఫోన్ చేసిండు. పేరు చెప్పలే. ఎంతకూ అమ్మనని పెట్టేసిన."

మధ్యాహ్నానికి శ్రీపాల్, యమున కాలేజీ స్టూడియోకు వెళ్లారు. సాంకేతిక పనులు చూసే దేవేందర్ ముందే ముడుచుకున్నాడు.

"రెండు డెక్కులు నాకాడ్నే ఉన్నయని నా మీదకే వస్తరని తెలుసు."

"కరెంటు పోతే ఏం చేస్తరు?"

దేవేందర్ మెయిన్ స్విచ్ దించాడు. వరండాలో ఫ్యాన్లు ఆగాయి. లోపల తిరుగుతున్న క్యాసెట్ చెక్కుచెదరలేదు.

"బ్యాటరీల మీద నడుస్తది. మా కిరాయింట్ల పెట్టి కాపీ తీసినవేమో అంటరేమో, ఆడ టీవీ తప్ప ఏం లేదు. వచ్చి చూసుకోండ్రి."

చూసుకున్నారు. టీవీ తప్ప ఏం లేదు.

దారిలో మహిధర్ తనే ఎదురొచ్చాడు, కారు అద్దం దించి నవ్వుతూ.

"శ్రీపాలన్నా, బాపు పనులు ఇడిసిపెట్టి పాటల పనిల పడ్డవా?"

"పాత షాపు గుర్తొచ్చింది. క్యాసెట్ ఏడ విన్నవ్?"

"బడంగ్‌పేట్‌ల, ఇంట్ల. ఇన్వర్టరుంది, ఫికర్ లేదు."

"మీ యాచారం ఫామ్‌హౌస్‌ల కాదా?" అంది యమున. ఆ భూమి కాగితాలు చూసింది తనే.

"నా డెక్కులు, క్యాసెట్లు అన్ని ఆడ్నే. ఇంట్ల పెడితే బాపు ఊకోడు. కానీ ఈ నెల అటు పోనేలే."

తిరిగొచ్చేటప్పుడు టిప్పర్ల దుమ్ములో స్కూటర్ నడుపుతున్న శ్రీపాల్ వెనక యమున నసుగుతూనే ఉంది.

"అన్నా, ఆయన కొడుకు మీద వేలు పెడితే మన గది మిగుల్తదా?"

"లెక్క నాకు రాదా యమునా," అన్నాడు శ్రీపాల్. స్కూటర్ వేగం పెంచాడు.

మరునాడు స్టూడియోలో లీదియాతో సహా అందరినీ కూర్చోబెట్టి మూడో పాట వినిపించాడు. గిటారు కుంగిన చోట ఆపాడు.

"నా షాపు ఊరి చివర ఉన్నప్పుడు మా లైను, బాయికాడి మోటర్ల లైను ఒక్కటే. పాటలు ఎక్కించిస్తే గిరాకీలు తిరిగి తెచ్చి మొఖం మీద కొట్టెటోళ్లు, గిదే రోగమని. రైతులు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టి ఇంటికి పోతరు. మోటర్లకు వంతులవారీగ ఇచ్చే త్రీఫేజు కరెంటు రాంగనే అవన్నీ ఒక్కసారి లేస్తయి. వోల్టేజీ కూలబడ్తది, మెల్లగ లేస్తది. పాత డెక్కు దాంతోపాటు కుంగుతది, కొత్త డెక్కు తట్టుకొని ఆ కుంగును ఎక్కించుకుంటది. ఇంట్ల ఫ్రిజ్ లేస్తే ఇంతసేపు కుంగదు. గీ కాపీ చేన్ల నడుమ తీసింది."

"గట్లయితే నా ఇంటి మీదకే వస్తది కదన్నా," అన్నాడు మహేశ్వర్, లేచి నిలబడి.

"వస్తది. మీ దిక్కు త్రీఫేజు ఎప్పుడొస్తది?"

"పోయిన వారం పొద్దుగాల. గీ వారం పగటేల." ఆలోచించకుండానే చెప్పాడు.

"నువ్వు చెప్పు మహిధర్."

"నాకేం ఎరుక? ఆటో స్టార్టరుంది. అదే లేస్తది, అదే పంటది."

శ్రీపాల్ మహిధర్ వైపు తిరిగాడు.

"అదే నేను చెప్పేది. చేన్ల పుట్టినోడు కరెంటు వచ్చే యాల్లకు డెక్కు ముట్టడు. మహేశ్వరైతే బ్యాటరీలకు తప్ప పెట్టనే పెట్టడు. చేను కొనుక్కున్నోడే గీ తప్పు చేస్తడు. దేవేందర్ గది కరెంటు కదలదు. నీ బడంగ్‌పేట్ ఇంటిదీ కదలదు, నువ్వే చెప్పినవ్. అంటే ఆ రోజు నువ్వు ఇంట్ల లేవు. కాపీకి అమ్మ చీటీ పీకి అంటించినవ్, మెతుకుల సంగతి తెలువక గమ్ రాసినవ్. ఇగ ఫామ్‌హౌస్‌కు అందరం పోదామా, బాపును కూడా పిలుద్దామా?"

తండ్రి మాట వినగానే మహిధర్ నవ్వు చెదిరింది. లేచి బయటికి వెళ్లి కారు టేపులోంచి క్యాసెట్ తీసుకొచ్చాడు.

"ఏదైనా కొనొచ్చు. ఫోన్ చేస్తే ఎంతకూ అమ్మనన్నరు. కొంటే దొరకనిది ఒక్కటన్న నాకాడ ఉండాలనుకున్న," అన్నాడు లీదియా వైపు చూడకుండా.

లీదియా క్యాసెట్ డబ్బా మీద గోటితో గీరింది. ఎండిన మెతుకు పొట్టు రాలింది.

"అడిగితే కూసోబెట్టి వినిపించేదాన్ని కదయ్యా," అంది.

ఆ శనివారం అసలు క్యాసెట్టే రేడియోలో వచ్చింది. మత్తయి పేరు మహేశ్వర్ రెండుసార్లు చెప్పాడు. మేడ మీది గదిలో శ్రీపాల్, యమున చెరో కుర్చీలో కూర్చుని విన్నారు. కొడుకు సంగతి రామచంద్రయ్య చెవిన పడింది; ఆయన మనిషి ముందురోజే వచ్చి భూముల కాగితాలన్నీ పట్టుకుపోయాడు. అవి ఉండే అర సగం ఖాళీగా ఉంది.

మొత్తం మీద లెక్క ఇలా తేలింది. పోయింది ఒక పెద్ద గిరాకీ. మిగిలినవి గది, డెక్కు, యమున, రెండు సంబంధాల ఎంక్వయిరీలు. వచ్చింది ఒక్క పాట, మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా కుంగకుండా.